పేరు చదవని డబ్బా

ఫిబ్రవరి 18, మంగళవారం

అన్నపూర్ణ కొట్టు డబ్బు ఆపేశారు. నాలుగు లక్షల పదకొండు వేల రెండువందల యాభై ఎనిమిది రూపాయలు.

పొద్దున పదింటికి పేమెంటు కంపెనీ నుంచి మెయిలు. ఖాతాలో అసాధారణమైన చెల్లింపులు కనపడ్డాయట. ఒక కొనుగోలుదారు ఫిర్యాదు కూడా చేశాడట. పరిశీలన ముగిసేదాకా మాకు రావలసిన సొమ్ము వాళ్ళ దగ్గరే ఉంచుకుంటారట. మార్చి ఇరవై లోపు తగిన వివరణ రాకపోతే ఖాతా మూసేసి, డబ్బు ఆర్నెల్లు అట్టిపెట్టుకుంటారట. చివర్లో 'మీ సహనానికి ధన్యవాదాలు.' నాకు సహనం ఉందని వాళ్ళకెవరు చెప్పారు?

ఆర్నెల్లు ఆగితే కొట్టు ఉండదు. నేను ఎకనామిక్స్ చెప్పే జూనియర్ కాలేజీ ఏడేళ్ళ కిందట మూతపడ్డాక, నరసరావుపేట బరంపేటలో మా ఇంటి ముందు గదిలో మా ఆవిడ అన్నపూర్ణ మొదలుపెట్టిన కొట్టు ఇది. కారప్పొడులు, పండుమిరప పచ్చడి. ఇవాళ ఆరుగురు ఆడవాళ్ళు పనిచేస్తున్నారు. ఆర్డర్లు ఫోన్లో వస్తాయి, డబ్బు ఆ కంపెనీ గుండా వస్తుంది. ఇల్లు దాని మీదే నడుస్తోంది, నేను రాసే కరపత్రాల మీద కాదు. ఈ ముక్క బయట ఎక్కడా ఒప్పుకోను. ఇక్కడ రాసుకోవచ్చు.

ఈ డైరీ మాకు మిరపకాయలు పోసే శ్రీమన్నారాయణ ఇచ్చింది. జనవరి నుంచి ఖాళీగా పడి ఉంది. కోపం ఎక్కడో ఒకచోట పెట్టాలి గదా.

జరిగింది ఇది. మొన్న ఆదివారం మా తమ్ముడు శ్రీహరి కూతురు వెన్నెల పెళ్ళి. పంతులు లేడు, ముహూర్తం లేదు, దండలు మార్చుకున్నారు, అయిపోయింది. శుభలేఖ మీద 'చదివింపులు స్వీకరించం' అని నేనే రాయించాను. గుమ్మంలో బల్ల వేసి, పుస్తకం తెరిచి, ఫలానా ఊరు ఫలానావారు వెయ్యి నూట పదహార్లు అని మైకులో అరవడం, రేపు వాళ్ళింటి పెళ్ళికి అంతకు తగ్గకుండా తిరిగి పెట్టుకోవడం. ఉన్నవాడికి అది దర్జా, లేనివాడికి అప్పు. ముప్పై ఏళ్ళ నుంచి ఇదే రాస్తున్నాను.

హైదరాబాదు చుట్టాలు పొడులు కొంటారని అన్నపూర్ణ కొట్టులోని క్యూఆర్ స్టాండునీ, డబ్బు పడితే పైకి అరిచే డబ్బానీ సంచిలో వేసి తెచ్చింది. ఎవరో వాటిని తీసి గుమ్మం దగ్గర తాంబూలాల బల్ల మీద పెట్టారు. ఇక జనం ఊరుకుంటారా? మూడు గంటల్లో నూట అరవై మూడు చెల్లింపులు. ఐదువందల పదహారు, వెయ్యి నూట పదహారు, రెండు వేల నూట పదహారు. మొత్తం లక్షా అరవై మూడు వేల తొమ్మిదివందల ఎనిమిది. కారప్పొడి కొట్టులో అన్నీ పదహారుతో ముగిసే బేరాలు ఎట్లా జరిగాయని కంపెనీ వాడి కంప్యూటరు బెదిరిపోయింది. ఆ సొమ్ముతోపాటు పొడులమ్మిన రెండున్నర లక్షలు కూడా పట్టుకు కూర్చుంది.

స్టాండు ఎవరు పెట్టారన్నది ఇప్పుడు ముఖ్యం కాదు. మన కష్టం మన చేతికి రావాలంటే మనం ఎవడికో సంజాయిషీ చెప్పుకోవాలి, అదీ ముఖ్యం.

ఫిబ్రవరి 19

కంపెనీకి ఉత్తరం రాశాను. నాలుగు పేజీలు. చిన్న వ్యాపారి చెమటని పెద్ద పెట్టుబడి ఎట్లా వడ్డీ లేని అప్పుగా వాడుకుంటుందో మొదటి రెండు పేజీల్లో, చెల్లింపుల మీద పెత్తనం పదిమంది చేతుల్లో చేరితే ఏమవుతుందో మూడో పేజీలో. నాలుగో పేజీ డిమాండ్లు.

తీరా చూస్తే ఫిర్యాదు రాయడానికి ఫోన్లో వాళ్ళిచ్చిన గడిలో ఐదువందల అక్షరాలే పడతాయి. దేశంలో ఒక మనిషికి అన్యాయం జరిగితే ఐదువందల అక్షరాల్లో చెప్పుకోవాలట! పద్నాలుగు ముక్కలు చేసి పద్నాలుగు టికెట్లుగా (అర్జీకి వాళ్ళ పేరు అది) పంపాను. పంపానని చెబితే అన్నపూర్ణ అడిగింది:

"ఆదివారం ఏం జరిగిందో రాశారా?"

"అది రాస్తే వాళ్ళ ప్రశ్నకు మనం లొంగినట్టు."

ఆమె లేచింది. ధనియాలు వేయించడానికి లోపలికి పోయింది.

ఫిబ్రవరి 20

జవాబు లేదు.

ఫిబ్రవరి 22, శనివారం

కూలి రోజు. అన్నపూర్ణ ఇంటి ఖర్చుకు దాచింది తీసి ఆరుగురికీ సగం సగం ఇచ్చింది. అందరిలోకీ పెద్దది నాగరత్నమ్మ. పొడి వేయింపు ఆమె చేతి మీదే జరుగుతుంది. సగమే తీసుకుని బొడ్లో దోపుకుంటూ అంది:

"ఏందమ్మాయ్, కంపెనీవోడు మన డబ్బు యాడ దాచాడు? పడ్డప్పుడల్లా ఊరికి వినపడేట్టు అరిచే డబ్బా గదా, అడిగితే ఇప్పుడు నోరు పెగల్లా?"

అందరూ నవ్వారు. నేను వాళ్ళకు పేమెంటు కంపెనీల తీరు కాసేపు విడమరిచి చెప్పాను. నాగరత్నమ్మ విన్నంతసేపు విని, "అన్నాయ్, చానా బాగా చెప్పావు. వచ్చే శనివారం మాత్రం పూర్తిగా ఇప్పించు" అంది.

ఫిబ్రవరి 23

ఒక ఆలోచన వచ్చింది. నూట అరవై మూడు మందికీ పొడులు అమ్మినట్టు బిల్లులు రాస్తే సరిపోతుంది. దొంగ పద్ధతికి దొంగ బిల్లు, అందులో తప్పేముంది? అన్నపూర్ణతో అన్నాను.

"ఐదువందల పదహారు రూపాయలకు మన దగ్గర ఏ పొడి ఉంది?"

"ఏదో ఒకటి కలిపి..."

"నా కొట్టు పేరు మీద అబద్ధం బిల్లు రాయను" అని లేచిపోయింది.

పాతకాలపు మనిషి. వాళ్ళ ఎత్తుగడలు తెలియవు.

ఫిబ్రవరి 24

రాజుపాలెం నుంచి శ్రీహరి వచ్చాడు. భోజనాలు కాంట్రాక్టుకు తీసుకున్నవాడికి ఇంకా అరవై వేలు ఇవ్వాలి. ఆ చదివింపుల డబ్బు వస్తే ఇద్దామని చూస్తున్నాడు.

"అన్నాయ్, వాడు రోజూ పొలం కాడికి వస్తన్నాడు. నాతోపాటు మిరపకాయలు కోస్తాడేమో, అంత పొద్దున్నే."

"వస్తుందిరా. వాళ్ళని వదలను."

"అది గాదు గానీ, అసలు ఆ స్టాండు అక్కడ పెట్టిందెవరు?"

"పిల్లలెవరో పెట్టి ఉంటారు. ఆడుకుంటూ."

అన్నపూర్ణ మజ్జిగ గ్లాసులు పట్టుకుని వచ్చింది. శ్రీహరికి ఇచ్చింది. నాకు ఇచ్చేటప్పుడు గ్లాసు చేతిలో పెట్టకుండా కిటికీలో పెట్టి పోయింది.

పిల్లలే అయి ఉంటారు. చానామంది ఉన్నారు అక్కడ.

ఫిబ్రవరి 26

శివరాత్రి. ఊరంతా కోటప్పకొండ మీదుంది. నేను టికెట్లు రాస్తున్నాను. ఇంకో ఆరు.

ఫిబ్రవరి 28

కంపెనీ నుంచి మొదటిసారి ఒక మనిషి గొంతు. పేరు నిహారిక. ముందు కాగితం చూసి చదివింది: మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, మీ సహనానికి ధన్యవాదాలు. నేను ఎత్తుకున్నాను. పావుగంట ఆగకుండా మాట్లాడాను. మధ్యలో ఫోను పెట్టేసిందేమోనని రెండుసార్లు హలో అన్నాను. ఉంది.

"సార్, మీరు రాసిన ఇరవై టికెట్లు నేను చదివిన" అంది చివరికి. కృష్ణకు అవతలి యాస. "మాది మిర్యాలగూడ. ఒక్క మాట చెప్తా, ఏమనుకోకండి. కొత్త టికెట్ పెట్టకండి సార్. పెట్టినప్పుడల్లా మీ ఫైలు మళ్ళ వరసల ఆఖరికి పోతది. పందొమ్మిదో తారీఖు నుంచి అది ముందుకు జరగలే, మీరే వెనక్కి నూకుతున్నరు."

ఇరవై ఒకటో టికెట్టుకు రాసిపెట్టుకున్న కాగితం పక్కకు జరిపాను.

"కంపెనీకి కావాల్సింది రెండే సార్. ఆ దినం ఏమైంది, ఎవరు వసూలు చేసిండ్రు, ఎందుకు. అమ్మకం కాకపోతే కాదని రాయండి. ఇంకోటి, ఆ ఫిర్యాదు వాపసు రావాలె. అది ఉన్నంతసేపు దీన్ని మోసం కింద లెక్కేస్తరు."

"ఎవరు పెట్టారు ఫిర్యాదు?"

"పేరు చెప్పొద్దు సార్. 'డబ్బు పంపాను, బదులుగా ఏమీ అందలేదు' అని ఉంది. వెయ్యి నూట పదహారు. మధ్యాహ్నం ఒంటిగంట పది."

అన్నపూర్ణ తన ఫోన్లో చిట్టా తెరిచి వెతికింది. ఒంటిగంట పదికి ఒక్కటే ఉంది. అమరేశ్వరరావు. మా నాన్నకు పెదనాన్న కొడుకు, రొంపిచెర్ల బాబాయి.

నా ఉత్తరాల వల్ల పది రోజులు పోయాయన్న సంగతి అన్నపూర్ణకు ఇంకా చెప్పలేదు. స్పీకరు పెట్టి మాట్లాడానని ఇప్పుడు గుర్తొస్తోంది.

మార్చి 3, సోమవారం

రొంపిచెర్ల వెళ్ళాను. మామూలుగా అయితే బస్సులో ఒక ఉపన్యాసం సిద్ధం చేసుకునేవాణ్ణి. ఇవాళ కూడా చేసుకున్నాను. బాబాయి అరుగు మీద కూర్చుని బత్తాయి ఒలుచుకుంటున్నాడు. డెబ్బై అయిదు దాటాయి. నన్ను చూడగానే అందుకున్నాడు.

"ఏరా చెన్నకేశవా! దేవుడు లేడంటావు, మాచర్ల దేవుడి పేరు మటుకు ఇంకా మోస్తానే ఉన్నావు. బరువనిపించట్లా?"

"బాబాయ్, మోసమని కంపెనీకి ఫిర్యాదు పెట్టావా?"

"నాకేం తెలుసురా కంపెనీలు. మనవరాలు భవ్య నొక్కింది. 'తాతా, డబ్బు పంపాను, బదులుగా ఏమీ అందలేదు అని ఉంది, నొక్కనా?' అంది. నొక్కమన్నా. అందిందా మరి నాకేమన్నా?"

"భోజనం పెట్టాం గదా."

"భోజనం పిలిచినందుకు. పేరు చదివేది డబ్బిచ్చినందుకు." తొన ఒకటి నా చేతిలో పెట్టాడు. "నీ కార్డు చూశా. చదివింపులు వద్దన్నావు. మంచిదే, మా చెన్నడు ఏదో కొత్త పద్ధతి పెట్టాడనుకుని వట్టి చేతులతోనే వచ్చా. వచ్చి చూస్తే గుమ్మంలో మిషను. అందరూ ఫోన్లు తీస్తన్నారు. నేనొక్కణ్ణీ తియ్యకపోతే ఏమనుకుంటారు? భవ్య చేత ఏయించా. వెయ్యి నూట పదహారు రూపాయలు అందినవి అని అరిచింది. ఎవురు ఏశారు? యా ఊరు? ఎవరి తాలూకు? ఆ డబ్బా డబ్బు చదివింది గానీ పేరు చదవలా. నా ముందర ఒకడు ఏశాడు, నా ఎనక ఒకడు ఏశాడు, ముగ్గురం ఒకటే కూత. కిరాణా కొట్టులో ఉప్పు కొన్నట్టు."

నా ఉపన్యాసం మొదలుపెట్టాను. చదివింపులు అప్పు అనీ, పేదవాడి మెడకు ఉరి అనీ. బాబాయి తలూపుతూ విన్నాడు. లోపలికి పోయి ఎర్ర గుడ్డ అట్ట వేసిన పుస్తకం తెచ్చి, మధ్యలో ఒక పేజీ తీసి నా ముందు పెట్టాడు. 1974. ఆయన పెళ్ళి. మూడో వరసలో మా నాన్న పేరు. పదహారు రూపాయలు, ఒక ఇత్తడి చెంబు.

"అప్పే. కాదన్నదెవరు? యాభై ఏళ్ళుగా గుర్తు పెట్టుకున్నా గదా, అందుకే మీ ఇంట్లో పెళ్ళంటే రొంపిచెర్ల నుంచి వచ్చా. అప్పు లేకపోతే నేనెవర్ని, నువ్వెవరివి?"

దీనికి జవాబు ఉంది. చానా ఉంది. అప్పుడు తట్టలేదు.

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"పుస్తకం రాయి. పదిమంది ముందర చదువు. అప్పుడు భవ్య చేత ఆ నొక్కింది తీయిస్తా."

"మైకు పెట్టను."

"నీకు మైకెందుకురా! ముప్పై ఏళ్ళు మైకు లేకుండానే మా చెవులు చిల్లులు పొడిచావు."

మార్చి 4

స్టాండు నేనే పెట్టాను.

పిల్లలు కాదు. 'ఎవరో' కాదు. ఆ రోజు పదకొండు దాటాక భోజనాల కాంట్రాక్టరు వంటశాల దగ్గర శ్రీహరిని నిలబెట్టి అడుగుతున్నాడు. పెళ్ళికూతురి తండ్రి, కొత్త చొక్కా, చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. పెళ్ళికి నేను యాభై వేలు ఇస్తానన్నాను. ఇవ్వలేకపోయాను. వాడు అడగలేదు. మరోపక్క గుమ్మంలో జనం కవర్లు పట్టుకుని 'బల్ల యాడ? ఎవరికియ్యాల?' అని ఒకర్నొకరు అడుగుతున్నారు. ఇచ్చేవాళ్ళు అక్కడ, కావలసినవాడు ఇక్కడ. మధ్యలో నేను రాయించిన వాక్యం.

సంచిలోంచి స్టాండు తీశాను. ఇది పుస్తకం కాదు గదా అనుకున్నాను. మైకు కాదు గదా. పేర్లుండవు గదా. తాంబూలాల బల్ల మీద పెట్టి, డబ్బా మీట నొక్కి, తల దించుకుని భోజనాల వైపు వెళ్ళిపోయాను. పది అడుగులు వేశానో లేదో వెనక డబ్బా అరిచింది. వెయ్యి నూట పదహారు రూపాయలు అందినవి. ఎవరు వేశారో తిరిగి చూడలేదు. చూస్తే పెట్టింది నేనని తెలుస్తుంది.

పేర్లుండవు గదా అనుకున్నాను. బాబాయి పట్టుకుంది సరిగ్గా అదే.

అన్నపూర్ణకు చెప్పాలి. రేపు.

మార్చి 5

చెప్పలేదు. ఎండుమిరపకాయల లారీ వచ్చింది. కిందటి సరుకు డబ్బు ఇంకా ఇవ్వలేదు. శ్రీమన్నారాయణ నా మొహం చూసి కాకుండా అన్నపూర్ణ మొహం చూసి బస్తాలు దింపించాడు. "ఉగాది దాకా చూస్తానమ్మా, ఆపైన నా వల్ల కాదు" అన్నాడు.

మార్చి 7

రెండు రోజులుగా పుస్తకం రాస్తున్నాం. అన్నపూర్ణ ఫోన్లో చిట్టా చూసి పేరు చదువుతుంది, నేను రాస్తాను. చిట్టాలో ఊరు ఉండదు, ఎవరి తాలూకో ఉండదు. కాబట్టి ఒక్కొక్కరికీ ఫోను చెయ్యాలి. ముప్పై ఏళ్ళు నా మాట విన్నవాళ్ళకు, విని నవ్వినవాళ్ళకు, నా కరపత్రంలో శనగలు పొట్లం కట్టుకున్నవాళ్ళకు.

"ఏందీ? చదివింపుల పుస్తకం నువ్వు రాస్తన్నావా? ఆగాగు, స్పీకర్ పెడతా. ఏమే, ఇట్రా, చెన్నకేశవరావు ఫోన్!" బొల్లాపల్లి నుంచి ఒకాయన.

ఇంకొకరు, "రాయండి మాష్టారూ, ఐదువందల పదహార్లు. పక్కన మా ఆవిడ పేరు కూడా రాయండి, మళ్ళీ గొడవ."

తిట్టుకుంటూనే రాశాను. తొంభై దాకా వచ్చాక తిట్టడం మానేసి రాశాను. వేలు నొప్పి పుట్టింది.

నూట పన్నెండోది నాగరత్నమ్మ. ఐదువందల పదహారు.

ఆమె మా ముందు గదిలోనే ఉంది, పొడి జల్లిస్తోంది. ఫోను చెయ్యక్కర్లేదు. "నువ్వెందుకు వేశావమ్మా? నీకు మేమే ఇవ్వాలి గదా" అన్నాను.

"మీరిచ్చేది కూలి. ఇది నేనిచ్చేది" అంది జల్లెడ ఆపకుండా. "వెన్నెల మీ ఇంట్లో ఉండి చదువుకునేటప్పుడు బడి నుంచి వచ్చి నా పక్కన కూచుని కారప్పొడి అన్నం తిన్న పిల్ల. నా పేరు కూడా చదువుతావా అన్నాయ్?"

చదువుతానన్నాను.

రాయడం అయ్యాక లెక్క పెడితే నూట అరవై రెండే ఉన్నాయి. ఒకటి తగ్గింది. అన్నపూర్ణతో అంటే, "అది నేను చూస్తాలెండి" అంది.

మార్చి 9, ఆదివారం

రాజుపాలెంలో శ్రీహరి ఇంటి వాకిట్లో చదివాను. పాతికమంది వచ్చారు. వెన్నెల, అల్లుడు కూడా వచ్చారు. మైకు లేదు. కుర్చీ వేశారు గానీ నిలబడే చదివాను, కూర్చుని చదవడం నాకు చాతకాదు.

ఊరు, పేరు, ఎవరి తాలూకు, ఎంత. మొదట్లో వాకిట్లో నవ్వులు. "గొంతు బాగుంది మాష్టారూ, నాలుగు పెళ్ళిళ్ళు ఒప్పుకోండి, కాలేజీ జీతం వస్తది" అన్నాడొకడు. ముప్పై పేర్లు దాటాక నవ్వులు తగ్గాయి. పేరు వచ్చినవాళ్ళు కాస్త సర్దుకుని కూర్చుంటున్నారు. రానివాళ్ళ పేరు వస్తే పక్కవాళ్ళు 'రాలేదు, కాలు బాగాలేదు' అనో, 'చెబుతాలే' అనో అంటున్నారు. వెన్నెల ఒక్కో పేరుకూ తలెత్తి చూస్తోంది. సగం మంది ఎవరో దానికి ఇప్పుడే తెలిసింది. 'పెదనాన్నా, ఎవరి తాలూకు, మళ్ళీ చెప్పు' అని నాలుగైదుసార్లు అడిగింది.

రొంపిచెర్ల, అమరేశ్వరరావు గారు, వెయ్యి నూట పదహార్లు.

బాబాయి కండువా సర్దుకున్నాడు. "సరిగా వినపడలా. ఇంకోసారి."

వినపడింది. అందరికీ తెలుసు వినపడిందని. ఇంకోసారి చదివాను.

అయ్యాక భవ్యను పిలిచాడు. "తియ్యమ్మా ఆ నొక్కింది." ఆ పిల్ల అర నిమిషంలో తీసేసింది. ఇరవై రోజుల బట్టీ నేను ఇరవై టికెట్లు రాసి చెయ్యలేనిది.

"అది సరే, మీ ఇంటిదేదిరా?" అన్నాడు బాబాయి పుస్తకం వైపు చూస్తూ. "శ్రీహరికి అన్నవి, చదివించాల్సింది ముందు మీరు."

నేను పుస్తకం మూశాను. అన్నపూర్ణ, "మాది తర్వాత చదువుతాం మామయ్యా" అంది.

ఇప్పటికీ చెప్పలేదు ఆమెకి.

మార్చి 10

కంపెనీకి వివరణ అన్నపూర్ణ రాసింది. ఐదువందల అక్షరాల లోపే. ఇవి అమ్మకాలు కావు, మరిది కూతురి పెళ్ళి చదివింపులు, కొట్టు స్టాండు మీద పడ్డాయి, ఇదిగో పుస్తకం. పేజీలన్నీ ఫోటోలు తీసి జత చేసింది. చెల్లింపుల మీద పెత్తనం గురించి ఒక్క వాక్యం కలపమన్నాను.

"మీ కరపత్రంలో కలుపుకోండి."

మార్చి 12, బుధవారం

మధ్యాహ్నం నిహారిక ఫోను. ఈసారి కాగితం చూసి చదవలేదు.

"సార్, పుస్తకం చూసినం. మా ఆఫీసుల అందరూ చూసిండ్రు. మా మేనేజరుకి చదివింపులంటే ఏందో నేనే చెప్పిన. నూట అరవై రెండు సరిపోయినయి. ఒక్కటి మిగిలింది, మొట్టమొదటిది. పదకొండు ముప్పై నాలుగుకి. ఖాతాదారే తన సొంత ఖాతాకు వేసుకున్నరు. అట్ల సొంతంగా వేసుకుంటే మాకాడ పెద్ద అనుమానం సార్. ఇంకా స్టాండు ఎవరు పెట్టిండ్రో మేడం గారు రాయలే. ఈ రెండు ముక్కలు రాయండి, అయిపోతది."

ఫోను పెట్టేసి చిట్టా తెరిచాను. అన్నపూర్ణ ఎప్పుడూ రెండో వరస నుంచే చదివిందని అప్పుడు తెలిసింది. మొదటి వరస. అన్నపూర్ణ. వెయ్యి నూట పదహారు.

ఆమె సీసాలకు కాగితాలు అంటిస్తోంది. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"మొదటిది నీదా?"

"నాదే."

"పదకొండు ముప్పై నాలుగు."

"అయి ఉంటది. మీరు స్టాండు పెట్టి, మీట నొక్కి, తల దించుకుని పోయారు. గుమ్మంలో పదిమంది దాని వంకే చూస్తన్నారు గానీ ఎవరూ ముందుకు రాలా. కార్డు మీద వద్దని రాసింది మీరాయె, తెచ్చి పెట్టింది మీరాయె. అందరూ అట్లాగే నిలబడితే మీ మొహం ఏం గాను? నేను వేశా. నన్ను చూసి తతిమ్మావాళ్ళు."

"మరి నాకు చెప్పలేదేం?"

"ఏం చెప్పను? ఎవరో పెట్టారన్నారు. పిల్లలన్నారు. ఆరుగురు ఆడవాళ్ళకు కంపెనీ పాపాలన్నీ చెప్పారు. మీరు అంత గట్టిగా చెబుతా ఉంటే నేను కాదని ఎట్లా అనేది?" కాగితం మీద బొటనవేలితో రుద్దింది, ముడత పోయేదాకా. "మీ చేత్తో మీరే రాస్తారులే అనుకున్నా. వేల పేజీలు రాశారు, ఒక్క ముక్క రాయరా అని."

"గడువు అయిపోతే?"

"పందొమ్మిదో తారీకు దాకా చూసి నేనే రాసేదాన్ని. కొట్టు నాది."

గడి తెరిచి రాశాను:

'స్టాండు పెట్టింది నేను, చెన్నకేశవరావు, ఖాతాదారు భర్తను. శుభలేఖ మీద చదివింపులు వద్దని రాయించిందీ నేనే. మొదటి చెల్లింపు నా భార్య అన్నపూర్ణ చదివింపు.'

సగానికి పైగా గడి ఖాళీగా ఉంది. అట్లాగే పంపాను.

మార్చి 15, శనివారం

డబ్బు పడింది. మొత్తం. ఇకమీదట ఆ స్టాండు మీద కొట్టు అమ్మకాలు తప్ప వేరేవి తీసుకోకూడదని హెచ్చరిక. సహనానికి ధన్యవాదాలు ఈసారి కూడా ఉంది.

శ్రీహరికి రావలసింది శ్రీహరికి పంపాం. మిరపకాయల బాకీ శ్రీమన్నారాయణకు చేరింది. ఆరుగురికీ కూలి, పాత బాకీలతో సహా. నెల దగ్గరగా మన డబ్బు వాడుకున్నందుకు వడ్డీ ఏదని కంపెనీని అడగాలి. అడుగుతాను, ఆ విషయం వదిలిపెట్టలేదు. ఒక్క టికెట్టే పెడతాను.

చదివింపుల మీద నా అభిప్రాయం మారలేదు. బాబాయికి జవాబు కూడా తట్టింది, ఎప్పుడో వెళ్ళి చెప్పాలి. బత్తాయిల కాలం పోకముందే.

సాయంత్రం పుస్తకం తీశాను. నూట అరవై మూడో వరస ఖాళీగా ఉంది. భార్య ఇచ్చినా భర్త పేరు రాయడం ఆనవాయితీ. ఇచ్చింది ఆమె. ఆమె పేరే రాశాను. ఆడవాళ్ళు ఇంకా ఇళ్ళకు పోలేదు, కూలి లెక్క చూసుకుంటున్నారు. నాగరత్నమ్మ నా చేతిలో పుస్తకం చూసి, "చదవన్నాయ్, మైకు లేకపోతే లేకపోయిందిలే" అంది.

నిలబడి చదివాను. నరసరావుపేట, అన్నపూర్ణ గారు, పెళ్ళికూతురి పెద్దమ్మ, వెయ్యి నూట పదహార్లు.

అన్నపూర్ణ సీసా మూత బిగిస్తోంది. తలెత్తలేదు.

"సరిగా వినపడలా. ఇంకోసారి" అంది.